బస్సు వచ్చేలోగా పిల్లికి పేరు

ఒడినిండా విత్తనపు శెనక్కాయలు, కుడిపక్క చేట, ఎడమపక్క బోర్లించిన గంప, గంప కింద పిల్లికూన. మూడుగంటల ఎండ అరుగు దాటి గడప మొదట్లోకి వచ్చి కూర్చుంది. నల్లమ్మ ఒక కాయ ఒత్తింది, టప్పుమని రెండు గింజలు చేటలో పడ్డాయి, గంప కింద కూన మియ్యిమంది, ఇంకో కాయ ఒత్తింది. మృగశిర కార్తె వచ్చి ఆరు రోజులయింది, మబ్బు పొడ లేదు, గాలి మాత్రం పడమటి నుంచి దుమ్ము మోసుకొచ్చి వంటింట్లో దించి పోతోంది, అయినా విత్తనం ఒలిచి పెట్టుకోవాల్సిందే, ఒలవకుండా కూర్చున్న ఏడే వాన వచ్చి వెక్కిరించి పోతుంది, అట్లా ఒక ఏడు పోయింది, పెద్దకొడుక్కి అమ్మవారు పోసిన ఏడు అది. బొటనవేలి గోరు కింద మంటగా ఉంది. అరవై ఏళ్లుగా అదే వేలు, అదే కాయ, వేలుకు విసుగు రాలేదు గాని మనిషికి వచ్చింది. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. నల్లమ్మకు చదువు రాదు గాని గడియారం చూడడం వచ్చు, ముళ్లు ఎక్కడున్నాయో చూస్తే చాలు కదా. నాలుగు గంటలకు బస్సు. ఆలోగా గంప కింద ఉన్నదానికి పేరు పెట్టాలి.

కూనను తెచ్చింది కోడలు భారతి. మధ్యాహ్నం సంగటి తిని చేయి కడుక్కునే వేళకు కొంగులో ఏదో కదులుతూ ఉంటే పట్టుకుని లోపలికి వచ్చింది, పక్కింటి నుంచి. పక్కింటి నుంచి ఈ ఇంటికి ఏదైనా రావడం పదకొండేళ్లలో అదే మొదలు, గాలికి కొట్టుకొచ్చిన ఆకులు తప్ప.

“అత్తా, చిన్నత్త పంపింది దీన్ని. నాలుగ్గంటల బస్సుకు పోతాండాదంట. కూతురు రేఖ వచ్చిండాది తోలుకపోయేకి. ఇంగ రాదంట, ఇల్లు బీగం ఏసి, బీగంచెవి మూలింటి దాసప్ప చేతికిచ్చింది.”

“ఏమన్నా చెప్పిందా?”

“చెప్పింది. ‘మీ అత్తను పేరు పెట్టమను. ఏం పేరు పెట్టిందో ఇని బస్సెక్కుతా’ అనింది.”

“ఏం పేరు పెడితే బాగుంటాదే?”

“నన్నడుగుతావేం? పోయిన పిల్లికి పెట్టేటప్పుడు నన్నడిగితివా?” అని భారతి గంప తెచ్చి కూన మీద బోర్లించి, బిందె తీసుకుని నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయింది. కోడలు మంచిదే. మంచి కోడళ్లకే నాలుక ఇంత పదును ఉంటుంది, చెడ్డవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

పోయిన పిల్లి పేరు తిప్పమ్మ. చిన్నత్త పేరు తిప్పమ్మ. నల్లమ్మ చెల్లెలి పేరు తిప్పమ్మ. ముగ్గురు కాదు, చెల్లెలే ఆ చిన్నత్త, అన్నదమ్ములకు ఇచ్చిన అక్కచెల్లెళ్లు, ఒకే గోడకు అటొకరు ఇటొకరు, ఆ చెల్లెలి పేరే పిల్లికి పెట్టింది నల్లమ్మ. పగవాడి పేరు కుక్కకు పెట్టుకోవడం ఈ పక్క ఊళ్లలో కొత్తేమీ కాదు. తెల్లారి లేచి గోడపక్కన నిలబడి కుక్కను తిడితే చాలు, తిట్టు గోడ దూకి తగలాల్సిన చోట తగులుతుంది. అడగడానికి వస్తే, నా కుక్కను నేను తిట్టుకుంటాండా, నీకేమప్పా నొప్పి, అనొచ్చు. ఎంత పెద్ద పంచాయితీ అయినా దానికి తీర్పు చెప్పలేదు. అయితే ఎవరైనా దాయాదుల పేరు పెడతారు, గట్టు తగాదా ఉన్నవాడి పేరు పెడతారు. తోడబుట్టినదాని పేరు పెట్టింది నల్లమ్మ ఒక్కతే. ‘తిప్పీ, దొంగముండా, మళ్లీ దుత్తలో మూతి పెట్టినావా, నీ కడుపు కాల, ఎన్ని తిన్నా నీకు చాలదేమే!’ అని పొద్దునొకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. మొదట్లో గోడ అవతల చీపురు చప్పుడు టక్కున ఆగిపోయేది. ఆ చప్పుడు ఆగితే నల్లమ్మకు అన్నం అరిగేది. తరువాత తరువాత చీపురు ఆగడం మానేసింది. ఊడ్చుకుంటూనే ఉండేది, ఒకే తీరుగా, బరబరా.

ఇప్పుడు ఈ కూనకు పేరు కావాలి. ఎవరి పేరూ కాని పేరు. ఈసారి ఎవరికీ తగలని పేరు. అంతకన్నా సులువేముంది అనుకుంది గాని గంట నుంచి వెతుకుతుంటే పేరు పేరులోనూ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీట్లు పట్టుకున్నట్టు. సుంకులమ్మ, మారెమ్మ, పెద్దమ్మ, ఇవి దేవతలవి, రేపు పాలదుత్త తన్నేసిందని చెంబు విసిరితే అది ఎవరి మీద విసిరినట్టు? రంగమ్మ అత్తగారిది, పోయి ముప్పై ఏళ్లయినా ఆ పేరు నోటితో అనలేదు, ఆయన పేరూ అనలేదు, ఆయనా పోయి ఆరేళ్లు, రేషన్ దగ్గర అడిగితే భారతే చెబుతుంది. సునంద బాగుంటుంది, దాసప్ప కూతురుంది. రెబెకా ఇంకా బాగుంటుంది, సూదులేసే నర్సమ్మది, వారానికోసారి వచ్చి బీపీ చూసి, అవ్వా ఉప్పు తగ్గించు అని నవ్వుతుంది, పిల్లికి పెడితే ఆ నవ్వు పోతుంది. టీవీలో ఆడపిల్లల పేర్లు ఉన్నాయి, అవి రెండు నెలలకే ఊర్లో పసిబిడ్డలకు వచ్చేస్తాయి. దాసప్ప తన కుక్కకు తాసిల్దారు అని పెట్టుకున్నాడు, చేతిలో ఏమైనా పెట్టేదాకా కదలదని. దాసప్పకు నోరుంది, చెల్లుతుంది. వాన అని పెడితే? వానా వానా రా తల్లీ అని సందెవేళ పిలుస్తుంటే విన్నవాళ్లు ముసలిదానికి మతి పోయింది అంటారు, పైగా ఒకరోజు పిల్లి పోతే వాన పోయింది అని నోటితో అనాలి, అనగూడదు. రంగు చూసి పెడదామంటే ఇది బూడిదరంగు, చారలు, ఒక కాలికి తెల్ల గోరంచు. బూడిద అని ఇంట్లో ఎవరైనా పిలుచుకుంటారా? కొర్ర, ఆరిక, సజ్జ, బాగానే ఉన్నాయి, నోరారా పిలవొచ్చు, కానీ ఆరికెలు అనగానే చెల్లెలు గుర్తుకొస్తుంది, చిన్నప్పుడు ఆరికన్నం తిని మత్తెక్కి ఇద్దరూ గాదె వెనకాల పడి నిద్రపోతే ఊరంతా వెతికిన దినం. ఏ పేరు ఎత్తినా దారి ఆ ఇంటికే పోతోంది. తన పేరే పెట్టుకుంటే? నల్లమ్మ. సరికి సరి. చెల్లెలు విని బస్సెక్కుతుంది, కడుపు చల్లబడుతుంది. కానీ పిల్లిని తిట్టేది భారతి, అత్త పేరు పెట్టి రోజుకు రెండుసార్లు తిట్టే వరం ఏ కోడలికి దొరుకుతుంది, ఆ సంబరం భారతికి ఇవ్వడానికి మనసు రాలేదు. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే ఒళ్లోని పొట్టు లేచి కళ్లలో పడింది.

కళ్లు తుడుచుకుంటే ఎదురుగా చీనీతోట, బత్తాయిలది. తోట లేదు, తోట ఉన్న చోటు, ఎర్రమట్టి, గులకరాళ్లు, మొదళ్లు కూడా పీకేశారు. అయినా కళ్లు తుడుచుకున్న ప్రతిసారీ అక్కడ ఆకు కనబడుతుంది, ఇదేం జబ్బో. అన్నదమ్ములు భూమి పాలు పంచుకున్నప్పుడు బోరు నల్లమ్మ వాళ్ల గట్టు లోపల పడింది, నీళ్లు మాత్రం ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. ఇటు ఇరవై చెట్లు, అటు ముప్పై. ఆ ఏడు బోరు దమ్ము పట్టినవాడి మాదిరి అయిపోయింది, కాసేపు నీళ్లు, కాసేపు గాలి, మళ్లీ పిడికెడు నీళ్లు. ‘ఉన్నన్నాళ్లు ఇద్దరికీ పారనీలే, పోయిననాడు ఇద్దరికీ పోతాది’ అన్నాడు ఆయన. ఆ మాట ఊర్లో ఎవరికీ తెలియదు. ఊరంతా నీళ్లు ఆపేసింది ఆయనే అనుకుంది, ఆయనా అనుకోనిచ్చాడు, చచ్చేదాకా అనుకోనిచ్చాడు. ఆయన ఉరవకొండ సంతకు పోయిన దినం పొద్దున్నే పానా తీసుకుని పోయి, మరిది పక్కకు పోయే గొట్టం వాల్వు బిగించింది నల్లమ్మ. చేతులకు ఇనుము చల్లగా తగిలింది. రెండు చుట్లు చాలు, మూడో చుట్టు కూడా వేసింది. ఎందుకు వేసింది మూడో చుట్టు? చెట్లు ఎండుతుంటే చూడలేక అని చెప్పుకుంది, తన చెట్లు. ఎనిమిది దినాలకు అటుపక్క కాయలు నిమ్మకాయంత సైజులోనే రాలిపోయాయి. చెల్లెలు వచ్చి గోడ దగ్గర నిలబడి, రాలిన కాయ ఒకటి ఈ వాకిట్లోకి విసిరి, ‘నీ బోరు ఎండ, నీ గొంతు ఎండ, అక్కా!’ అంది. అక్కా అనడం మానలేదు, తిట్టులో కూడా. పదిహేడో దినం బోరు గాలి మాత్రమే ఊదింది. ఆ ఎండాకాలం ఊర్లో తొంభై బోర్లు పోయాయి, వజ్రకరూరు దాకా పోయాయి, తొంభై బోర్లకూ చెల్లెలు నోరు కారణమా? కాదని తెలుసు. తెలిసినా, నోరు పెట్టి ఎండబెట్టింది అని పట్టుకు కూర్చుంది, ఎందుకంటే ఆ మాట విడిస్తే చేతిలో పానా ఒక్కటే మిగులుతుంది. రెండు తోటలనూ ఒకే గొడ్డలి నరికింది. ఆ కట్టెలు తగలబెట్టిన వాసనలోనే ఎక్కడి నుంచో ఒక పిల్లికూన వచ్చింది, నోట్లో పేరు రెడీగా ఉండింది.

మరిది చచ్చిపోయినప్పుడు ఆ ఇంటికి పోయింది గాని చెల్లెల్ని పలకరించలేదు. శవం దగ్గర ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవాలి, అది లోకరీతి. నల్లమ్మ పోయి కాళ్ల దగ్గర కూర్చుంది, చెల్లెలు తల దగ్గర కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పొడవు దూరం, ఇద్దరూ వేరువేరుగా ఏడ్చి లేచారు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే కాళ్ల దగ్గర పిల్లి తిరుగుతూ ఉంటే తిడదామని నోరు తెరిచి, ఆ దినం మటుకు తిట్టలేకపోయింది. అప్పటి నుంచి తిట్టు పలచబడింది. పగ మోయడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి, ఎక్కడి నుంచి తెస్తుంది, మోకాళ్లలోనే లేదు. పిల్లి కూడా ముసలిదయింది, పళ్లు పోయాయి, సంగటి పాలల్లో పిసికి పెడితే గాని తినలేదు. ‘తిప్పీ, రామ్మా, రెండు ముద్దలు తిని పడుకుందువు’ అని ఎప్పటి నుంచి పిలవసాగిందో తనకే తెలియదు. ‘తిప్పీ, చలిగా ఉండాది, యాడికి పోతావు, నా కాళ్లకాడికి రా.’ ఇదంతా గోడ అవతలికి వినబడే ఉంటుంది. తిట్టు దూకిన గోడే కదా, ముద్దు మటుకు దూకదా? ఉగాదికి నాలుగు దినాలు ముందు పిల్లి చచ్చిపోయింది. ఆ నాలుగు దినాలూ నల్లమ్మ పొద్దున లేచి వాకిట్లో నిలబడి, పిలవాల్సిన పేరు నోట్లో పెట్టుకుని, మింగేసి, లోపలికి వచ్చేది.

ఆ పేరు ఎట్లా పుట్టిందో ఈ ఊర్లో తెలిసింది ఇద్దరికే. నల్లమ్మ తరువాత అమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోది పుట్టగానే జేజి, నాయన తల్లి, దాన్ని పాతచేటలో వేసి తీసుకుపోయి, పశువుల కొట్టం వెనక పెంటతిప్ప మీద పెట్టి వచ్చింది. పారేసినదాన్ని చావు కూడా ఎత్తుకోదని. నల్లమ్మకు అప్పుడు ఆరేళ్లు. గుప్పెట్లో తవుడు పోసి, ‘పోవే, ఆడేదో బిడ్డ పడి ఉండాదంట, తవుడు ఏసి కొనుక్కో, ఎవురన్నా అడిగితే నాది అను’ అంది జేజి. తిప్ప వెచ్చగా ఉండింది, కింద నుంచి ఆవిరి వస్తూ ఉండింది, ఒక కోడి చేట అంచు మీద నిలబడి బిడ్డను చూస్తూ ఉండింది, బిడ్డ ఏడవలేదు, కోడినే చూస్తోంది. కోడిని తోలి, తవుడు చల్లి, చేటతో సహా ఎత్తుకుంది. ఎంత బరువు, చేతులు పడిపోతాయేమో అనుకుంది. ఇంట్లోకి వచ్చి, ‘నాకు తిప్పలో దొరికింది, ఇది నాది’ అంది నేర్పించినట్టే. అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది, తిప్పుకోవాలి, ఏడాది దాకా అమ్మ దాన్ని పేరు పెట్టి పిలవకూడదు, ముద్దు చేయకూడదు, కన్నది తాను కాదు అన్నట్టు ఉండాలి. కొనుక్కున్నది పిలవొచ్చు. ఏడాది పాటు ఆ బిడ్డను పేరు పెట్టి పిలిచింది ఈ భూమ్మీద నల్లమ్మ ఒక్కతే. బతికింది. ఆ పేరే బతికించింది. ఆ పేరు తీసుకుపోయి పిల్లికి పెట్టి, నీ కడుపు కాల అంది.

మూడూ ముప్పావు. చేట నిండింది, ఎప్పుడు నిండిందో. గంప కింద చప్పుడు లేదు, నిద్రపోయిందో ఏమో. చప్పుడు లేకపోతే నల్లమ్మకు భయం, గంప ఎత్తి చూసింది, కూన కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది. భారతి బిందెతో వచ్చి దించి, నడుం పట్టుకుని నిలబడింది.

“దొరికిందా అత్తా పేరు?”

“ల్యా.”

“పింకీ అని పెట్టు, పీడ పోతాది.”

“పింకీ అంటే ఏమే?”

“ఏమో. ఏం కాకుంటేనే కదా మంచిది, ఎవురికీ తగలదు.”

తెలివైన మాటే. ఏమీ కాని పేరు. కానీ పదకొండేళ్ల తరువాత చెల్లెలు గోడ మీదుగా ఒక ప్రాణాన్ని పంపిస్తే, బదులుగా ఏమీ కానిదాన్ని పంపిస్తే, ఆమె విని, తల ఊపి, బస్సెక్కి పోతుంది. అంతే. రాప్తాడులో కూతురింట్లో మేడమీద గది అంట, రోడ్డుమీద లారీలు పోతుంటే కిటికీలు అదురుతాయంట, ఇవన్నీ భారతి చెబితే తెలిసినవే. అక్కడ ఆమెను ఎవరు ఏమని పిలుస్తారు? అమ్మా, అవ్వా, అత్తా. జేజి లేదు, అమ్మ లేదు, నాయన లేడు, మరిది లేడు. తిప్పీ అనే హక్కున్న నోరు ఇంక ఒక్కటే ఉంది, అది పదకొండేళ్లు ఆ పేరును పిల్లికి అరిచింది. నల్లమ్మ లేవబోయింది, మోకాలు ఒప్పుకోలేదు, గోడ పట్టుకుని రెండోసారి లేచింది, పొట్టు జలజలా రాలింది. కూనను తీసి కొంగులో వేసుకుంది. బరువే లేదు.

“యాడికి అత్తా, ఈ ఎండకు? నేను పోయి చెప్పొస్తాలే.”

“నువ్వు చెప్పేది కాదులే.”

వాకిట్లో ఎండ మాడు మీద కొట్టింది. చెప్పులు మరిచిపోయింది, వెనక్కి పోతే మళ్లీ రాలేనని నడిచింది, గోడ చుట్టు తిరిగితే ముప్పై అడుగులు, పదకొండేళ్లుగా ఎంత దూరమనుకుందో. బీగం వేసిన తలుపు ముందు బండ మీద రెండు సంచులు, ఒక మూట, మూటకు ఆనుకుని చెల్లెలు రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంది. వీపు ఎంత చిన్నదైపోయింది. పక్కన రేఖ సెల్లు చూసుకుంటోంది. దూరంగా వంక మలుపులో బస్సు హారను వినబడింది. పేరేమీ దొరకలేదని ఎట్లా చెప్పాలో తెలియక, నల్లమ్మ ఉన్న పేరే పిలిచింది.

“తిప్పీ.”

వీపు కదలలేదు.

“తిప్పీ.” ఇంకో అడుగు వేసింది. “ఒసే తిప్పీ!”

“అమ్మా, పెద్దమ్మ పిలుస్తాంది,” అంది రేఖ సెల్లులోంచి తలెత్తి.

“పిల్లిని పిలుస్తాంటాదిలే,” అంది తిప్పమ్మ తిరగకుండానే, ఏ కోపమూ లేకుండా, రోజూ జరిగేదే అన్నట్టు.

“పిల్లి యాడుండాదిమా, సచ్చిపోయె గదా ఉగాది ముందర.”

అప్పుడు తిరిగింది తిప్పమ్మ. చాలాసేపు పట్టింది తిరగడానికి, మెడ పట్టేసిందేమో. చెప్పులు లేకుండా కాలు మార్చి కాలు నేలకు ఆనిస్తూ నిలబడిన అక్కను పాదాల నుంచి పైకి చూసింది. నల్లమ్మ దగ్గరికి పోయి బండ మీద పక్కన కూర్చుంది. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలి, బస్సు వంక దిగుతోంది.

“ఆ పొద్దు వాల్వు బిగించింది నేనే. ఆయప్ప కాదు.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“నీ మొగుడు బిగిస్తే మూడు సుట్లు బిగిస్తాడా? మెత్తని మనిషి. మేము ఇప్పలేక సచ్చినాము.” తిప్పమ్మ కొంగులోని కూన తలను వేలితో రుద్దింది. “పేరు?”

“దొరకల్యా. ఏ పేరెత్తినా ఎవురో ఒకరుండారు. దేన్ని తిట్టినా ఎవురికో తగుల్తాది.”

“తిట్టకుండా ఉండరాదా?”

“నాతో అయితాదా?”

“కాదులే,” అంది తిప్పమ్మ. రేఖ సంచులు ఎత్తుకుంది. బస్సు దుమ్ముతో సహా వచ్చి ఆగింది, కండక్టరు తలుపు తట్టి తొందర పెట్టాడు. తిప్పమ్మ అక్క భుజం మీద బరువేసి లేచి, మెట్టు దగ్గర ఆగింది. “కుందుర్పి అని పెట్టు.”

“మన పుట్టినూరి పేరా? పిల్లికి ఎవురన్నా ఊరి పేరు పెడతారా?”

“పెట్టు. తిడితే ఇద్దరికీ తగలాల. కొంచెం ఆలోచన చేసి తిడతావు.”

రేఖ చేయి పట్టి పైకి లాగింది. నల్లమ్మ దుమ్ము పడకుండా కొంగు కూన మీద కప్పింది. బస్సు కదిలింది. కిటికీలోంచి తిప్పమ్మ తల బయటకు వచ్చింది, ఎండకు కళ్లు చికిలించి, పేరు పనిచేస్తుందో లేదో చూద్దామన్నట్టు గట్టిగా పిలిచింది.

“కుందుర్పీ!”

కొంగులో కూన కదలలేదు. నల్లమ్మే, “ఆఁ,” అంది.